రాత్రికి గడి లేదు

మొన్న గురువారం అత్తిలి దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. రెండో బంతిలో కూర్చున్నాం. నా పక్కన మా అన్నయ్య మనవడు, వాడికి అటు పక్క వాళ్లమ్మ. వడ్డన అవతలి కొసన మొదలైంది. పనసపొట్టు కూర మా దాకా రావాలంటే ఇంకా పదిమంది ఉన్నారు. ఈలోగా వాడు గ్లాసుడు నీళ్లూ ఆకులో కుమ్మరించాడు, ఆకుని చాపలా చుట్టాడు, బల్ల కింద దూరి ఎదుటి వరసలో తేలాడు. అక్కడ కూర్చున్న పెద్దాయన తన ఆకుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏం పెంపకమమ్మా ఇది? రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడు. ఈ రోజుల్లో అయితే దీనికీ ఓ జబ్బు పేరుంటుంది. మా చిన్నప్పుడు ఉన్నాయా ఈ పేర్లు?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ చివరి మాట నాది. మూడేళ్ల కిందట ఇదే కాలమ్‌లో, ఇదే జాగాలో, అల్లరికి కూడా ఇంగ్లీషు పేర్లా అని రాశాను. నా క్యాలెండర్ పిచ్చి మీద రాసినప్పుడు కూడా అన్ని ఉత్తరాలు రాలేదు. అన్నీ మెచ్చుకోళ్లే. ఒక మాస్టారు దాన్ని జిరాక్సు తీయించి స్టాఫ్ రూములో అంటించానని రాశారు. ఈపాటికి చిరిగిపోయి ఉంటే బాగుండును. అది రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఈ పిల్లాడే. అప్పటికి నాలుగున్నరేళ్లు. మా అమ్మాయి (అన్నయ్య కూతురే అయినా నాకు అమ్మాయే) అది చదివింది. ఏమీ అనలేదు. అనకపోవడం ఇప్పుడు గుచ్చుకుంటోంది.

నేను అల్లరి అని రాసిందేమిటో చెప్పాలి. మా అమ్మాయి ముంజేతుల మీద నెలవంకల్లాంటి మచ్చలుండేవి, పంటి గాట్లు. గాజులు తీసేసింది, పట్టుకుని లాగుతాడని. కోపం వస్తే తల గోడకేసి కొట్టుకునేవాడు. హైదరాబాద్‌లో మొదటి బడి వాళ్లు నలభై రోజులు చూసి, "మీరు వేరే చోట చూసుకుంటే బాబుకే మంచిది" అన్నారు. రెండో బడి వాళ్లు అంత మర్యాదగా చెప్పలేదు. ఇంటికి చుట్టాలు రావడం తగ్గిపోయింది. మేమూ తగ్గించాం, నిజం చెప్పాలంటే.

అప్పుడు మొదలైంది తిరుగుడు. ముందు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పిలిస్తే పలకడం లేదని చెవులు పరీక్ష చేయించారు, చెవులు బాగున్నాయి. శూన్యంలోకి చూస్తాడని ఈఈజీ తీయించారు, కొందరు పిల్లలకు ఒక రకం మూర్ఛ అలా పరధ్యానంలాగే కనిపిస్తుందట, అదీ లేదు. ఒక డాక్టరు వయసుతో తగ్గిపోతుందన్నారు. ఇంకొకరు పది నిమిషాలు చూసి ఆటిజం కావచ్చన్నారు. దానికో కొలత ఉంది. మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ తయారుచేసిందే. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, మొత్తం 70కి చేరితే ఆటిజం. వీడికి 68 వచ్చాయి. ముప్ఫై అయిదుకి రెండు తక్కువైతే మేం మాస్టర్లం ఏం చేస్తామో మీకు తెలుసు. ఆ డాక్టరు అలాంటి పని చేయలేదు. "ఇంకా చూద్దాం" అని రాసి పంపారు. మరొకరు ఏడీహెచ్‌డీ అన్నారు, పక్కన ప్రశ్నార్థకం పెట్టి. ఫైలు లావెక్కింది.

నేనేం చేశానంటే, మీరు ఊహించే ఉంటారు, క్యాలెండర్ ఇచ్చాను. గోడ మీద తేదీల గడుల్లో పాలవాడి లెక్క రాసుకునే దేశంలో పిల్లాడి లెక్క ఎందుకు రాయకూడదన్నది నా వాదం. "రోజూ రాయి. ఎన్నిసార్లు కొరికాడు, ఎప్పుడు, అంతకుముందు ఏం జరిగింది." పాపం, తొమ్మిది నెలలు రాసింది. ఎర్ర సిరా కోపానికి, నీలం సిరా తిండికి. నేను హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా దాన్ని ముందేసుకుని కూర్చునేవాణ్ని. మైదా తిన్న రోజా, సెలవు రోజా, వాళ్ల నాన్న ఊళ్లో లేని రోజా. ఏదీ నిలవలేదు. జలుబు చేసిన వారాల్లో ఎర్ర సిరా ఎక్కువగా ఉంది. నేనది చూసి కూడా దాటేశాను. జలుబు చేస్తే ఏ పిల్లాడికైనా చిరాకేగా!

ఆ సంక్రాంతికి మా వదిన వాడి పక్కన పడుకుంది. మర్నాడు కాఫీ కూడా తాగకుండా అంది: "గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆపేస్తున్నాడే వీడు. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను రాత్రంతా. ఉన్నట్టుండి ఎగపీల్చి అటు తిరుగుతాడు. మెడ విల్లులా వెనక్కి వంచి పడుకుంటాడు. తలగడ తడిసిపోతోంది చెమటకి." మా అమ్మాయి ఆ గురక పక్కనే మూడేళ్లుగా పడుకుంటోంది. రోజూ వినేది కాబట్టి వినపడటం మానేసింది. గురకంటే గాఢనిద్ర అనుకునే జాతి మనది. క్యాలెండర్‌లో పగలంతా ఉంది. రాత్రికి గడి లేదు, నేనే పెట్టించలేదు.

ఈఎన్‌టీ డాక్టరు క్యాలెండర్ ముట్టుకోలేదు. "ఫోన్‌లో వీడియో తీసుకురండి, నిద్రపోతున్నప్పుడు, చొక్కా విప్పి, ఛాతీ కనపడేలా" అన్నారు. ఏ సెల్‌ఫోన్‌ని నేను ఈ కాలమ్‌లో ఏడాదికి నాలుగు వారాలు తిడతానో అదే. రెండు నిమిషాల వీడియో. ఊపిరి లాగినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి, తర్వాత కదలిక లేదు, తర్వాత ఒక ఎగశ్వాస. ఎక్స్‌రే తీశారు, ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి పరీక్ష చేశారు. ముక్కు వెనక అడినాయిడ్స్ అనే కండ పెరిగి దారి మూసేస్తోంది. మెదడు ప్రతిసారీ సగం మేలుకుని ఊపిరి లాక్కుంటోంది. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే తూలుతారు. చాలామంది పిల్లలు తూలరు, రేగుతారు. లండన్‌లో విలియం హిల్ అనే డాక్టరు 1889లోనే రాశాడట, బళ్లో మొద్దులనిపించుకునే కొందరు పిల్లల సంగతి ముక్కు వెనకే ఉందని.

నేను విజయగర్వంతో ఊగిపోయాను. చూశారా, ఆటిజమూ లేదు, ఏడీహెచ్‌డీ లేదు, మొండితనమూ లేదు, ముక్కు! ఆ వారమే కాలమ్ రాసేద్దామని కాగితం తీశాను. మా అమ్మాయి ఆపింది. "ఆపరేషన్ అయ్యాక రాద్దువుగాని బాబాయ్" అంది.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు మాకు ఒక మాట చెప్పారు, నేను సరిగ్గా వినలేదు. 2013లో అమెరికాలో 464 మంది పిల్లల మీద, అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్ల మీద, ఒక పరిశీలన అచ్చయింది. కొందరికి వెంటనే ఆపరేషన్, కొందరికి ఏడు నెలలు ఆగి చూడటం. చేయించుకున్న వాళ్లకు నిద్ర బాగుపడింది, అమ్మానాన్నలూ టీచర్లూ ప్రవర్తన మెరుగైందన్నారు. కానీ కూర్చోబెట్టి ఏకాగ్రతకి పరీక్ష పెడితే రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆగి చూసిన వాళ్లలోనూ సగానికి కాస్త తక్కువ మందికి నిద్ర దానంతటదే సర్దుకుంది. "దీంతో అన్నీ పోతాయని అనుకోకండి" అన్నారు.

అన్నీ పోలేదు. రెండు నెలల్లో కొరకడం దాదాపు ఆగింది. తల కొట్టుకోవడం ఆగింది. పక్క తడపడం ఆగింది. పొద్దున్నే నవ్వుతూ లేచిన పిల్లాణ్ని మా అమ్మాయి మొదటిసారి చూసింది. కానీ కూర్చోలేడు. చెప్పింది సగం వినేలోపు లేచిపోతాడు. మళ్లీ పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లారు. ఆవిడ తొందరపడలేదు. ఏడీహెచ్‌డీ అనాలంటే ఈ లక్షణాలు ఆరు నెలలైనా సాగి ఉండాలి, పన్నెండేళ్లలోపు మొదలై ఉండాలి, ఇంట్లో ఒక్కచోటే కనిపిస్తే చాలదు, బళ్లోనూ కనపడాలి. బడికి ఒక ఫారం పంపారు. టీచరు అన్ని ప్రశ్నలకీ 'చాలా ఎక్కువగా' అనే గళ్లలో పైనుంచి కిందికి ఒకటే గీత గీసి పంపింది. డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టి, స్వయంగా బడికి ఫోన్ చేసి అరగంట మాట్లాడారట.

ఆ గీత చూస్తే నాకు నా ఎర్ర సిరా గుర్తొచ్చింది. 1988లో ఎనిమిదో తరగతి బి సెక్షన్‌కి నేనే క్లాస్ టీచర్ని. ఒక కుర్రాడుండేవాడు. బెంచీల మీంచి నడిచేవాడు, డస్టర్ కిటికీలోంచి విసిరేవాడు, ఒకసారి కాంపస్ ముల్లుతో పక్కవాడి అరచేతిలో గుచ్చాడు. మధ్యాహ్నం లెక్కల పీరియడ్లో తల వాల్చేసేవాడు, నేను సుద్దముక్క విసిరేవాణ్ని. గురి మంచిదని పిల్లలు నవ్వేవాళ్లు. ఒకరోజు అందరి ముందూ చెవి మెలేశాను. మర్నాటి నుంచి రాలేదు. కొన్నాళ్లు చూసి హాజరుపట్టీలో వాడి పేరు మీద స్కేలు పెట్టి ఎర్రగీత కొట్టాను, పక్కన 'లాంగ్ ఆబ్సెంట్' అని రాశాను. వాడికేముందో నాకిప్పటికీ తెలీదు, ఇన్నేళ్ల తర్వాత పేరు పెట్టడం నా పని కాదు. మా చిన్నప్పుడు ఈ పేర్లు లేవన్న మాట నిజమే. హాజరుపట్టీలో ఉన్న పేర్లే కొట్టేశాం. నేను రిటైరయ్యే ముందు, 2013లో అనుకుంటా, పిల్లలందరికీ పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం వచ్చింది, బడికి వ్యాను వచ్చేది. పంటి వాళ్లనీ కంటి వాళ్లనీ వరసలో నిలబెట్టి పంపాను. కొట్టేవాణ్ని పంపాలని తోచలేదు.

చివరికి వీడికి ఏడీహెచ్‌డీ కూడా ఉందని తేలింది. 'కూడా' అన్న మాట ఆ డాక్టరమ్మదే. ముందు తల్లిదండ్రులకి పన్నెండు వారాలు పాఠాలు చెప్పారు, తర్వాత పొద్దున్నే ఒక మాత్ర. మాత్ర అనగానే నేను అడ్డం తిరిగాను, పసివాడికి మెదడు మందా అని. ఈ జాతి మందుల్ని పిల్లలకి మొదట ఇచ్చి చూసింది 1937లో, అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే ఆయన. 30 మందిలో 14 మంది చదువులో ఒక్కసారిగా మారిపోయారు, ఆ పిల్లలే దానికి లెక్కల మాత్ర అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిశాక నా నోరు మూతపడింది. ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, ఇంకేమంటాను? ఆకలి తగ్గుతుంది కాబట్టి నెలనెలా బరువు చూస్తున్నారు. ఆ లెక్క మటుకు క్యాలెండర్ మీదే రాస్తోంది మా అమ్మాయి, నా మొహం చూసి.

"పేరు పెట్టిన రోజు ఏడ్చావా అమ్మా?" అని అడిగాను ఒకసారి. "లేదు బాబాయ్, పడుకున్నాను" అంది. "అయిదేళ్లూ నా పెంపకమే అనుకున్నాను కదా."

ఇక పెళ్లి. ఆ పెద్దాయనకి నేనేదో గట్టిగా చెప్పబోయాను. మా అమ్మాయి నాకంటే ముందే, మా నాన్నకి బీపీ అండి అన్నంత మామూలుగా అంది: "వాడికి ఏడీహెచ్‌డీ అండి, వడ్డన అయ్యేదాకా ఆగలేడు. మాత్ర పొద్దున వేసింది, ఈపాటికి దిగిపోయుంటుంది. మీ ఆకు దగ్గర ఒక్క నిమిషం ఉండనిస్తారా?"

ఆయన చెయ్యి తీశారు. కాసేపు వాణ్ని చూశారు. తన ఆకులో రెండు బూరెలుంటే వాటిని వాడి వైపు జరిపి, "నాకు షుగరమ్మా, వడ్డించేవాడికి చెప్పినా వినడు" అన్నారు. వాడు రెండూ తిని, మళ్లీ బల్ల కిందికి దిగాడు.