మీటను చూడవలెనా, అక్షరాన్నా?

2020తో ఫ్లాష్ నిలిచిపోగా, బొమ్మా ధ్వనీ కలిసిన పాఠాలు పెక్కు జావాస్క్రిప్టులో వెలువడుచున్నవి. వాటిలో ఒక లోపం తరచు కనిపించును. పాఠమాపుటకు ‘కె’ మీట నొక్కుమందురు. స్క్రిప్టు మాత్రం ఆంగ్లపు చిన్న ‘కె’ వచ్చినదా అని చూచును. పెంటపాడు విద్యార్థి ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు టైపు చేయుచు ఆ మీటనే నొక్కినచో ‘క’ వచ్చును, షిఫ్టుతో ‘ఖ’. పాఠం ఆగదు. పాపం, బాలుడు తన వ్రేలినే తప్పుపట్టును! క్యాప్స్‌లాక్ పడియున్నచో ఆంగ్లంలోనూ ఇదే గతి.

‘కీ’ అను గుణం అక్షరాన్నీ, ‘కోడ్’ మీట స్థానాన్నీ తెలుపును. ఇట్టి ఆజ్ఞలకు రెండవదే తగును. సమాధానం వ్రాయించునపుడు మొదటిది. షిఫ్టు తానుగా అక్షరమేదీ వ్రాయదు. అది నొక్కియున్నదా అనునది ‘షిఫ్ట్‌కీ’ గుణం వేరుగా చెప్పును. అయితే ‘ఖ’ వ్రాయుటకు షిఫ్టు తప్పదు. కనుక జవాబు వ్రాయుచోట షిఫ్టుకు మరొక ఆజ్ఞ తగిలించిన పాఠంలో ‘ఖడ్గం’ అని వ్రాయబోయినవానికి మొదటి అక్షరంలోనే పాఠం తప్పిపోవును.