తప్పు జవాబుకు చోటు లేని పాఠపథకం

తెలుగునాట ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి పాఠపథకం అనగానే రెండు నిలువు గడులు గుర్తుకు వస్తాయి. ఎడమవైపు ఉపాధ్యాయ కృత్యం, కుడివైపు విద్యార్థి కృత్యం. ఎడమ గడిలో ప్రశ్న ఉంటుంది, కుడి గడిలో దానికి విద్యార్థి చెప్పబోయే సమాధానం ఉంటుంది. ఆ సమాధానాన్ని రాసేది కూడా ఉపాధ్యాయుడే, అదీ తరగతికి ముందు రోజు రాత్రి. అందువల్ల కుడి గడిలోని విద్యార్థి ఎన్నడూ తప్పు చెప్పడు, దిక్కులు చూడడు, పక్కవాడి జవాబు అప్పు తెచ్చుకోడు. పరిశీలకుడి సంతకం కోసం రాసిన రికార్డు పుస్తకాలలో తప్ప అటువంటి పిల్లవాడు ఎక్కడా కనిపించడు.

ఈ రూపం ఇప్పుడు సముద్రాలు దాటింది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ గల్ఫ్ దేశాలలోనూ వారాంతపు తెలుగు బడులు నడిపేవారిలో వృత్తిరీత్యా ఉపాధ్యాయులైనవారు తక్కువ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, గృహిణులు, పదవీ విరమణ చేసి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దలు ఆ బాధ్యతను తలకెత్తుకుంటారు. కొత్తగా చేరినవారికి ఒకటి రెండు పూటల శిక్షణలో పాఠపథకం రాయడం నేర్పి, అభ్యసన సిద్ధాంతాలను కొంత పరిచయం చేసే ప్రయత్నం జరుగుతూ ఉంటుంది. ఆ ప్రయత్నం మెచ్చదగినదే. కాని అందులో నేర్పే సరుకులో ఎంత భాగం పిల్లలను చూసి తయారైనది, ఎంత భాగం వాడుక కొద్దీ వస్తున్నది అన్న విచారణ తెలుగులో పెద్దగా జరగలేదు.

పాఠానికి సోపానాలు ఉండాలన్న భావన జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ (1776–1841) నుంచి వచ్చింది. ఆయన చెప్పినవి నాలుగు దశలు: స్పష్టత, సంసర్గం, వ్యవస్థ, పద్ధతి. శిష్యపరంపరలోని జిల్లర్ మొదటి దశను రెండుగా చీల్చాడు. యేనా విశ్వవిద్యాలయంలో రైన్ వాటికి సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సామాన్యీకరణం, అనువర్తనం అన్న ఐదు మెట్ల రూపం స్థిరపరచాడు. ఆంగ్ల శిక్షణ కళాశాలల మీదుగా అదే రూపం మన బి.ఎడ్. పుస్తకాలలోకి చేరింది. హెర్బార్ట్ ఆలోచనలో బలమైన భాగం మెట్ల లెక్క కాదు. కొత్త విషయం మనసులో అప్పటికే ఉన్న విషయాల మీద ఆనుకుని మాత్రమే నిలుస్తుందన్నది ఆయన మూలసూత్రం. సన్నాహం అన్న మెట్టు ఉన్నది అందుకే, అంటే పిల్లవాడి మనసులో ఏముందో ముందు తెలుసుకోవడానికి. ఆచరణలో అది ‘పిల్లలూ, ఈ బొమ్మలో ఏం కనిపిస్తున్నది?’ అన్న రెండు నిమిషాల తతంగంగా మిగిలింది. మెట్లు నిలిచాయి, వాటిని ఎందుకు కట్టారో మరుగున పడింది.

బ్లూమ్ వర్గీకరణకు పట్టిన గతీ ఇంతే. 1956లో వెలువడిన ఆ గ్రంథం కళాశాలల పరీక్షాధికారుల సమావేశాల నుంచి పుట్టింది. పరీక్ష ప్రశ్నలను ఏ స్థాయి ఆలోచనను కోరుతున్నాయో చూసి వర్గీకరించడం దాని తొలి ప్రయోజనం. 1957లో బ్లూమ్ భారతదేశానికి వచ్చి మూల్యాంకనం మీద కార్యగోష్ఠులు నిర్వహించిన తరువాత అది ఇక్కడి శిక్షణలో ప్రవేశించి, ఆరు స్థాయిలు కాస్తా జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అన్న నాలుగు లక్ష్యాలుగా కుదించుకుంది. ప్రతి లక్ష్యం కిందా స్పష్టీకరణలు: ‘విద్యార్థి గుర్తిస్తాడు’, ‘విద్యార్థి పోలుస్తాడు’, ‘విద్యార్థి ఉదాహరిస్తాడు’. తెలుగు క్రియలో భవిష్యత్తుకూ అలవాటుకూ ఒకే రూపం ఉండడం ఇక్కడ వింతగా కలిసివచ్చింది. జరగవలసిన దానిని జరిగినంత ధీమాగా రాయవచ్చు. ప్రశ్నలను తూచే తక్కెడను పాఠం నిర్మించే పనిముట్టుగా వాడడంలో ఉన్న ఇబ్బంది ఈ ధీమా వెనక దాగిపోయింది.

ఇక అభ్యసన సిద్ధాంతాలు. థార్న్‌డైక్ పిల్లి నుంచి యత్నదోష సిద్ధాంతం, పావ్లోవ్ కుక్క నుంచి శాస్త్రీయ నిబంధనం, స్కిన్నర్ ఎలుక, పావురాల నుంచి కార్యసాధక నిబంధనం, కోలర్ చింపాంజీ నుంచి అంతర్దృష్టి. వరసగా ఈ జంతుప్రదర్శనశాల అంతా తిరిగి వచ్చాక ఛాత్రోపాధ్యాయుడు అసలు పిల్లవాడిని పియాజే, వైగాట్‌స్కీల దగ్గరగాని కలుసుకోడు. అప్పటికి పరీక్ష దగ్గర పడుతుంది. ఈ సిద్ధాంతాలు అబద్ధాలు కావు. అవి ఒక అధ్యాయంలో, పాఠపథకం వేరొక అధ్యాయంలో ఉండిపోయి, ఒకటి రెండవదానిని ఎక్కడా ప్రశ్నించకపోవడమే లోపం.

ప్రవాస శిక్షణలలో ఈ పాత సరుకుకు కొత్త సరుకు తోడయింది. చదివినదానిలో పది శాతం, విన్నదానిలో ఇరవై శాతం, చేసినదానిలో తొంభై శాతం గుర్తుంటుందని చెప్పే రంగుల పిరమిడ్ ఒకటి స్లయిడ్లలో తరచు ప్రత్యక్షమవుతుంది. దానికి మూలంగా చూపే ఎడ్గర్ డేల్ ‘అనుభవ శంకువు’ 1946 నాటి పుస్తకంలోది. అందులో శాతాలేవీ లేవు. గుండుసున్నలతో ముగిసే ఆ అంకెలు తరువాత ఎవరో అంటించినవి. కొందరు పిల్లలు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు కనుక ఎవరి శైలికి తగిన పాఠం వారికి చెప్పాలన్న మాట కూడా అటువంటిదే. 2008లో పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వవేత్తలు ఆ వాదానికి ఉన్న ఆధారాలను సమీక్షించి, శైలిని బట్టి బోధన మార్చితే ఫలితం మెరుగుపడుతుందని చెప్పడానికి తగిన రుజువు లేదని తేల్చారు. వైద్యంలో ఇటువంటి రుజువుతో మందు అమ్మకానికి రాదు. శిక్షణ తరగతిలో మాత్రం స్లయిడుగా నిరాటంకంగా సాగిపోతున్నది.

వీటన్నిటి నడుమ పక్కకు తప్పుకున్న ప్రశ్న ఒక్కటే: ఆదివారం ఆ గదిలో కూర్చున్న పిల్ల చెవికి తెలుగు ఎలా వినిపిస్తున్నది?

‘పాత’, ‘పాట’ అన్న మాటల జంటను తీసుకోవచ్చు. అమెరికాలో పుట్టిన పిల్లలలో చాలామంది రెంటినీ ఒకేలా పలుకుతారు. ఇంగ్లీషులోని ‘టీ’ అక్షరపు ధ్వని మన దంత్యమూ కాదు, మూర్ధన్యమూ కాదు, పళ్ల వెనక చిగురు దగ్గర పలుకుతుంది. వెర్కర్, టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగాలలో ఇంగ్లీషు ఇళ్లలోని శిశువులు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని త, ట భేదాన్ని పోల్చగలిగారు. పది నుంచి పన్నెండు నెలలకు ఆ శక్తి చాలావరకు సన్నగిల్లింది. హిందీ వింటూ పెరిగే శిశువులలో అది నిలిచింది. దీని అర్థం తెలుగు బడిలో చాలా స్పష్టం. అమ్మమ్మ ఒళ్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లకు, ఇంట్లో ఇంగ్లీషే విన్న పిల్లవాడికి ఒకే పాఠపథకం పనికిరాదు. మొదటి పిల్ల భేదం వినగలదు, దానికి అక్షరం అతికించడమే మిగిలింది. రెండవ పిల్లవాడికి అక్షరం చూపించి పలికించడం పునాది లేని గోడ. ముందు వినడం జరగాలి. పాత–పాట, కోతి–కోటి, అత్త–అట్ట, గది–గడి: రెండిటిలో ఏది చెప్పారో వేలు చూపమని అడిగే ఆట కొన్ని వారాలు నడవాలి. ‘త, ట అక్షరాలను విద్యార్థి గుర్తిస్తాడు’ అన్న స్పష్టీకరణకు ఇద్దరి దగ్గరా టిక్కు పడుతుంది. ఆకారాన్ని గుర్తించడం ఇద్దరికీ వచ్చు మరి.

కాలం లెక్క కూడా పథకంలో కనిపించదు. సోనాలీ నాగ్ 2007లో కన్నడ పిల్లల మీద ప్రచురించిన పరిశోధన ప్రకారం, గుణింతాలూ ఒత్తులూ కలిసిన అక్షరసంపద పట్టుబడడానికి ప్రాథమిక పాఠశాల తరగతులు చాలా గడుస్తాయి. లిపి విషయంలో కన్నడం తెలుగుకు తోబుట్టువు. రోజూ బడికి వెళ్లి, వీధిలో ఆ భాషే వినే పిల్లల సంగతి అది. వారానికి ఒక పూట తరగతికి వచ్చే పిల్లలకు మొదటి ఏడాదిలోనే గుణింతాలన్నీ ‘పూర్తి’ చేయాలన్న ప్రణాళికను ఎవరి అనుభవం నుంచి తయారు చేసినట్టు?

వారం ఎడం ఉన్న తరగతిలో మరపే ప్రధాన ప్రత్యర్థి. మరపు ఎంత వేగంగా సాగుతుందో ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచాడు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో, ఒక వ్యాసభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాతి పరీక్షలో ముందున్నారు. చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు వారం తరువాతి పరీక్షలో ముందున్నారు. మన వీధిబడికి ఈ తేడా మాటల్లోనే తెలుసు. వల్లెవేయడం వేరు, అప్పజెప్పడం వేరు. మొదటిది పుస్తకం ఎదుట, రెండవది పుస్తకం మూసి పంతులు ఎదుట. ఆధునిక శిక్షణ రెండింటినీ బట్టీ అన్న ఒకే పేరుతో బయటికి నెట్టింది.

అలాగని వీధిబడిని నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో జిల్లాలోని 533 బడులలో 226 తెలుగువి. ముందున్న పిల్లలు వెనకవారికి నేర్పుతూ తమ చదువునూ గట్టిపరచుకునే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. అంతకుముందే మద్రాసులో అటువంటి దేశీయ బడి ఒకదానిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసిన ఆండ్రూ బెల్, ఎగ్మూరు అనాథ శరణాలయంలో పిల్లల చేతనే పిల్లలకు చెప్పించి, 1797లో లండన్‌లో ఆ ప్రయోగాన్ని పుస్తకంగా వేశాడు. ఐతే క్యాంబెల్ నివేదిక మెచ్చుకోలుతో ఆగలేదు. పిల్లలు కంఠస్థం చేసే పద్యాల భాష వాడుకకు దూరమైనదనీ, అర్థం వారికీ తెలియదు, చాలాచోట్ల పంతులుకూ తెలియదనీ రాసింది. ఆదివారం బడి వార్షికోత్సవంలో పద్యం తడుముకోకుండా అప్పజెప్పి, దిగివచ్చి అమ్మతో ఇంగ్లీషులో మాట్లాడే పిల్లను చూసినవారికి ఆ వాక్యాలు పాతవిగా తోచవు.

కొత్త ఉపాధ్యాయులకు సాధన చేయించే పద్ధతిలోనూ ఇదే తొర్ర ఉంది. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన సూక్ష్మబోధన ఆలోచన మంచిది: కొద్ది నిమిషాల పాఠం, వెంటనే విమర్శ, మళ్లీ పాఠం. కాని మన శిక్షణలలో పిల్లల స్థానంలో తోటి అభ్యర్థులు కూర్చుని తెలియనట్టు నటిస్తారు. ‘ఋ’కు ‘రు’ రాసే పిల్ల, ‘కళ’ను ‘కల’ అని చదివే పిల్లవాడు ఆ నటనలో కనిపించరు. తెలిసినవాడు తెలియనివాడి తప్పును నటించలేడు.

జపాన్ ఉపాధ్యాయులు కలిసి తయారు చేసుకునే పాఠాల గురించి స్టిగ్లర్, హీబర్ట్ 1999లో రాసిన పుస్తకం అమెరికాలో చర్చకు దారితీసింది. ఆ పథకాలలో పిల్లలు ఇవ్వగల జవాబులను, తప్పులతో సహా, ముందుగా ఊహించి రాసుకోవడం ఒక అంగం. తెలుగు పాఠపథకంలోని కుడి గడికి పక్కన అటువంటి మూడవ గడి ఒకటి గీస్తే మొదటిసారి అది ఖాళీగానే ఉంటుంది. కొత్త ఉపాధ్యాయుడికి ఏ తప్పు వస్తుందో తెలియదు కదా. పాఠం అయిన సాయంత్రం అందులో నాలుగు మాటలు పడాలి: ‘పాట అంటే ముగ్గురు పాత బూటు చూపించారు.’ వచ్చే ఆదివారం సన్నాహం ఆ ముగ్గురి దగ్గర మొదలవుతుంది.