నగరమునకు వ్యాఖ్యానము: చార్మినారు పేటలో కాలినడక

కావ్యమునకు వ్యాఖ్యాత ఎట్టివాడో ప్రాచీన నగరమునకు దారిచూపువాడు అట్టివాడు. మూలమును విడదీసి, అన్వయము చెప్పి, తాత్పర్యము తెలుపుట అతని ధర్మము. తనకు తోచిన కథను మూలముపై మోపుట కాదు. ఈ కాలమున పెక్కు నగరములలో రుసుము తీసికొని యాత్రికులను గుంపుగా నడిపించి పాతపేటలను చూపు పద్ధతి ప్రబలినది. దానిని వినోదముగా మాత్రమే ఎంచి విడుచుట తగదు. ఒక ఊరిని చదివి చెప్పుట కూడ వ్యాఖ్యానమే గాన, దాని గుణదోషములను విచారింపవలసియున్నది. హైదరాబాదు పాతనగరమున చార్మినారు చుట్టును జరుగు అట్టి నడకను గూర్చి మా అభిప్రాయమును ఇచట విన్నవించుచున్నాము.

ముందుగా గుణములను చెప్పుట న్యాయము. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారు నాలుగు వీథులు కలియు చోట నగరమునకు నాభివలె నిలిచియున్నది. దానికి ఉత్తరమున గుల్జారు హౌజు, ఆ హౌజునకు నలుదెసల నాలుగు కమానులు, నైరుతిన మక్కా మసీదు, పడమట లాడ్‌బజారు కలవు. బండిలో పోవువానికి ఇవి విడివిడి వస్తువులు. నడచువానికి ఒకే వాక్యములోని పదములు. కమాను క్రింద నిలిచి చూచినపుడు మినారులు పటము కట్టినట్లు కనబడును. ఈ అన్వయము కాలినడకకు మాత్రమే దొరకును. మాకు దారిచూపిన యువకుడు దీనిని చక్కగా ఎరిగినవాడు. ఎచట నిలుపవలెనో అచట నిలిపెను; రాతి కట్టుబడిని, సున్నపు పనిని తొందరలేక వివరించెను.

ఇక దోషములు. మహమ్మారి తొలగినందుకు కృతజ్ఞతగా చార్మినారును కట్టించిరన్న కథను, భాగమతి పేర భాగ్యనగరము వెలసినదన్న కథను ఆయన శాసనప్రమాణములవలె పలికెను. 1591వ సంవత్సరముననే హిజరీ శకమున వేయవ ఏడు ప్రవేశించినది. ఆ సందర్భమును పురస్కరించుకొని ఈ కట్టడము లేచినదని తలచు పండితులు కలరు. భాగమతి ఉనికినే చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వాణీ శంకింపగా, నరేంద్ర లూథర్ దానిని సమర్థించెను. ఈ వాదము కథకంటె తక్కువ రుచికరము కాదు. జనశ్రుతిని జనశ్రుతిగా చెప్పినంతమాత్రమున దాని అందము తరుగదు. చరిత్రగా చెప్పినచో వినువాని వివేకము తరుగును.

రెండవ లోపము భాషకు సంబంధించినది. నగరమును ఇరాను దేశపు ఊహకు ప్రతిబింబముగా వర్ణించి ఆయన ఊరకుండెను. ఆ నగరమును కట్టించిన ప్రభువు దక్కనీ భాషలో కవి. అతని తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెను. పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెనుగున రచించిన యయాతిచరిత్రము ఆ రాజ్యపు సర్దారుడైన అమీన్ ఖానునకు అంకితము. పారసీకము, దక్కనీ, తెనుగు ఒకే కొలువున మెలగిన కాలమది. ఆ ముచ్చట ఒక్క మాటయైన వినబడకపోవుట వ్యాఖ్యానమున పెద్ద వెలితి.

ఈ వెలితి పరభాషల నడుమ తరతరములుగా నివసించుచున్న మనవంటివారికి మరింత తెలియును. అయినను, తెలుగువారి గొప్పను చాటలేదని మా ఫిర్యాదు కాదు. ఆ పేటలో ఇంటి భాష పెక్కుమందికి ఉర్దూ. తెలుగునాట వారు తమ నుడిని నిలుపుకొన్నట్లే, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో మనము మన నుడిని నిలుపుకొనుచున్నాము. కనుక ఆ వీథులను చూచునపుడు మనకు కలుగవలసినది వింత కాదు, బంధుభావము. దారిచూపువాడు వింతను మాత్రమే అమ్మెను.

మూడవది, రాతిపై నిలిచిన చూపు మనిషిపై నిలువకపోవుట. లాడ్‌బజారులో లక్కను సెగపై మెత్తపరచి, సాగదీసి, వలయముగా చుట్టి, అద్దపు రాళ్ళను ఒక్కొక్కటిగా పొదుగుదురు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. నడకలో గాజుల బేరమునకు అరగంట దొరకినది. గాజు చేయు కొలిమి ముందు నిలుచుటకు ఐదు నిమిషములు దొరకలేదు. అంగళ్ళ పైన, వెనుకను కుటుంబములు నివసించుచున్నవన్న మాటయు రాలేదు. 2025 మే 18న గుల్జారు హౌజు దగ్గరి ఒక ఇంటిలో మంటలు లేచి 17 మంది మరణించిరి. ఇరుకుదారులను సొగసుగా మెచ్చుకొనువారు ఆ దారులలో ఊపిరాడవలసినవారిని కూడ తలచుకొనవలెను గదా!

ఇన్ని లోపములున్నను ఈ పద్ధతిని మేము త్రోసివేయజాలము. దిద్దుకొని మన పేటలకు తెచ్చుకొనవలెనని కోరుచున్నాము. షోలాపురమున పద్మశాలీల మగ్గముల వీథులు కలవు. ఫ్రెంచివారి ఏలుబడి చూచిన యానాము కలదు. మన పిల్లలు వానిని ఏ కంటితో చూచుచున్నారు? సంఘములు ఏటేట సభలు జరుపుకొనుచున్నవి. ఒక ఉదయమున పెద్దలను వెంటబెట్టుకొని పిల్లలను ఆ వీథులలో నడిపింపరాదా? అపుడు మనము ఇతరుల నుండి కోరిన న్యాయమునే మనమును పాటింపవలెను. విన్నకథను విన్నకథగా, తెలిసినదానిని ప్రమాణముతో చెప్పవలెను. మగ్గమును చూపి దానిని నేయువానిని మరువరాదు. పొరుగున నున్న మరాఠీవానిని, కన్నడిగుని, ఒడియావానిని, తమిళుని కూడ పిలిచి, ఆ పేటను గూర్చి వారు చెప్పు మాటను మన పిల్లల ఎదుట చెప్పింపవలెను.