బండిని విప్పుటకు ముందు

పాతబడిన మోటారుసైకిలును నిండు బండిగా అమ్ముట మేలా, విప్పి విడి సామానుగా అమ్ముట మేలా అని విచారించువాడు మొదట ధరలు అడుగుట సహజమే కాని, ఆ బండి ఎచ్చట పుట్టినదో, ఏ ఎండలో నిలిచినదో తలపోయనిచో ఆ లెక్క తప్పుదారిని పోవునని, మా పెరటి రేకుల క్రింద చిరకాలముగా నిలిచియున్న యెజ్డీని గూర్చి తర్జనభర్జన పడుచున్న నాకు నానాటికి స్పష్టమగుచున్నది.

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము చెకొస్లొవేకియా జావా నమూనాను అనుసరించి 1961లో బండ్లు చేయ మొదలిడి, 1973 నుండి వానికి యెజ్డీ అని పేరిడి, 1996లో మూతపడినది. ఆ పేర్లు 2018లోను 2022లోను కొత్త బండ్లపై మరల వెలసినను, అవి ఫోర్‌స్ట్రోక్ యంత్రములగుటచే వాని ఇంజను సామాను మన పాత టూస్ట్రోక్ బండ్లకు సరిపడదు. కనుక నేడు అసలైన క్రాంకుగాని, ట్యాంకుగాని, కిక్కునకును గేరునకును ఒకటేయైన ఆ కడ్డీగాని కావలెనన్నచో, అది ప్రాయికముగా మరియొక బండి మేనినుండియే ఊడి రావలెను. విప్పి అమ్ముట నింద్యకార్యమని నేననకుండుటకు కారణమిదియే. ఒకటి శిథిలమైనచో దాని అవయవములతో పలుబండ్లు నడచును. విడి సామాను మొత్తము ధర నిండు బండి ధరను మించుటయు తరచుగా ఇందువలననే. అయితే మొదట అమ్ముడుపోవునవి ట్యాంకు, కార్బురేటరు, జంట సైలెన్సర్లు. గీతలుపడిన బోరు, వంగిన ఫోర్కు, బోల్టుల మూట మిగిలి తుదకు గుజిరీ అంగడిలో తూకమునకు పడును. ఆ శేషమును ముందుగా లెక్కలో చేర్చువారు అరుదు.

మన రాయలసీమ వర్షచ్ఛాయలోని నేల. కాకినాడ, విశాఖపట్టణములలో ఉప్పుగాలి ఫ్రేము అతుకులను మడ్‌గార్డు అంచులను తినివేయుచుండగా, ఇచ్చటి పొడిగాలిలో ఇనుము చిరకాలము గట్టిగా నిలుచును. ఎండకు బలియగునవి వేరు: టైర్లు పగులును, సీటు రెగ్జిను చిట్లును, వైర్ల తొడుగు పొడియగును, ఆయిల్ సీళ్లు బిరుసెక్కును. ఎండ చెడగొట్టినవానికి బదులు కొత్తవి నేటికిని కొనవచ్చును. ఎండ విడిచిపెట్టిన అసలు ఫ్రేమును మాత్రము చేయువాడు లేడు. కావుననే కర్నూలు, కడప పెరడులలో పైకి జీర్ణమై కనబడు బండిని చూచి త్వరపడి విప్పవలదని, స్పానరు పట్టుటకు ముందు ఫ్రేమును చేతితో తడవి చూడుడని, అడిగినవారికెల్ల చెప్పుచున్నాను.

కాగితముల సంగతి కొంత కఠినమైనది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లి, పిమ్మట 5 ఏండ్లకొకసారి పొడిగింపబడును. బండి శాశ్వతముగా పనికిరానిదైనచో 14 దినములలో ఆ సంగతి తెలిపి ఆర్సీని అప్పగింపవలెను. విప్పి అమ్మినవారు ఆర్సీని బీరువాలో అట్లే ఉంచుకొనుట మంచిది కాదు. ఫ్రేము ఎవరి చేతికి పోయినదో తెలియకున్నను, దానిపై చెక్కిన ఛాసిస్ నంబరు తమ పేరనే నిలిచియుండును గదా!

“ఇప్పి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి సార్. ఇప్పేది పూట పని. మళ్లా కూడేసేది మాత్రం ఎవురి చేతా కాదు,” అని మా ఊరి పాతబస్తీ మెకానిక్ ఒకడు నాతో అనెను. ఆ మాటకు ఒక గుడి తలపునకు వచ్చెను: శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడలి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తరలించి మరల నిలిపిన సంగతి మనవారికి తెలిసినదే. అచ్చట విప్పినవారు మరల కూర్చుటకే విప్పిరి. ఇంజను బళ్లారికి, ట్యాంకు ప్రొద్దుటూరికి, చక్రములు నంద్యాలకు పోయిన బండిని కూర్చువారెవరు?

ఫ్రేము చీలినను, ఆర్సీ తిరిగి పొందరాని విధముగా పోయినను, బండిని విప్పి అమ్ముటయే ఉచితము. మా యెజ్డీకి ఆ రెండు దోషములును లేవు. ఇంజను పట్టినమాట నిజమే. బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టను వేయించిన అది తీరును. ట్యాంకు ఒక్కటి ఇమ్మని బెంగళూరునుండి ఫోను చేసిన యువకునకు ఈయనని చెప్పితిని. ధర తక్కువ పలికినను, నాతో రవాణా కార్యాలయమునకు వచ్చి ఆర్సీని తన పేర మార్పించుకొనువానికే నిండు బండిని ఇత్తును. ప్లగ్గులు, కేబుళ్లు, ఒకమారు వేసి తీసిన పాయింట్లు గల రేకుపెట్టెయు దానితోనే పోవును. వానికి వేరు ధర లేదు.