ప్రదర్శనములందలి పరిచయపత్రములు

ప్రాచీనవస్తువులను జనులకు జూపు ప్రదర్శనములయందు వస్తువును సింగారించుటకు బడునంత శ్రమ, దాని ప్రక్క నుంచెడి పరిచయపత్రమును వ్రాయుటకు బడుట లేదు. గాజుపెట్టెకును దీపములకును లోపముండదు. పత్రముపై మాత్రము "శాతవాహన నాణెము, క్రీ. పూ. 1వ శతాబ్ది" యని యుండును. ఆ మాట నిజమే కావచ్చును. కాని యా నాణె మెచ్చట దొరకినది, ఎవరి చేతికి దొరకినది, దానిని జదివినవా రెవరు, ఆ పఠనమును కాదన్నవారు కలరా యను ప్రశ్నలలో నొక్కదానికిని సమాధానముండదు.

పరిచయపత్రము విలువ యెంతటిదో తెలిసికొనుటకు శాతవాహనులనే సాక్షులుగా బిలువవచ్చును. మహారాష్ట్రమున జున్నరు సమీపమందలి నానాఘాట్ కనుమలో నొక గుహ కలదు. అందా వంశమువారి ప్రతిమలు వరుసగా జెక్కబడి యుండెను. కాలవశమున ప్రతిమలు నశించి పాదముల జాడలు మాత్రమే మిగిలినవి. కాని యొక్కొక్క ప్రతిమకు పైన వ్రాసిన పేరులు నిలిచినవి. సిముక శాతవాహనుడు, నాయనికాదేవి, శాతకర్ణి, మహారఠి త్రణకయిరుడు మున్నగువారి ప్రతిమ లచ్చట నుండెనని నేడు చెప్పగలుగుట యా చిన్నవ్రాతలవలననే. ఆ వంశమున మొదటిరాజు మత్స్యపురాణమున శిశుకుడు, వాయుపురాణమున సింధుకుడు, విష్ణుపురాణమున శిప్రకుడు, వేరొకచో ఛిస్మకుడు. లేఖకుల చేతులలో నిన్ని వికారములు బొందిన నామమునకు శుద్ధపాఠము దొరకినది తాళపత్రములందు గాదు. రూపు మాసిన యొక విగ్రహముపై నున్న పరిచయలేఖమునందు.

ఆ పేరే మరల గోదావరీతీరమున గనబడినది. రామగుండమునకు నెగువను, పెద్దవాగు గోదావరిలో గలియుచోట కోటిలింగాల యను గ్రామము కలదు. పూర్వము కరీంనగరము జిల్లాలోనిది, 2016 నుండి జగిత్యాల జిల్లాలోనిది. అచ్చటి పాటిదిబ్బమీద దొరకు నాణెములను స్థానికులైన సంగనభట్ల నరహరిశర్మగా రోపికతో నేరి కూర్చిరి. వారు ప్రభుత్వోద్యోగముగా నా పని చేసినవారు కారు. ఆ నాణెములు శాసనపరిశోధకులగు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారి కంటబడగా, 1970వ దశకపు చివరిభాగమున వానిపై నున్న పేరులు లోకమునకు వెల్లడియైనవి. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప యనువా రంతకుముం దెవ్వరికిని దెలియని రాజులు. వారితోపాటు ఛిముక శాతవాహనుని నాణెములును బయల్పడినవి. శాతవాహనుల యారంభము తెలంగాణముననే యని వాదించువారికి గట్టి యాధారము లభించినది. తరువాత వి. వి. కృష్ణశాస్త్రిగారి యాధ్వర్యవమున త్రవ్వకములును జరిగినవి.

ఇచ్చట విమర్శకుడు నిలిచి యాలోచింపవలసిన సంగతి యొకటి కలదు. నాణెము కాళ్లు గలది. వర్తకుని మూటలో నెక్కి వింధ్యను దాటగలదు. కావున నాణెము దొరకినంతమాత్రమున నా దేశ మా రాజుదని చెప్పరాదని, తొలిశాసనములు పడమటికనుమలయందే యున్నవని యెదిరిపక్షమువారు చెప్పుదురు. ఈ యాక్షేపము త్రోసిపుచ్చదగినది కాదు. దీనికి సమాధానము నాణెముమీద లేదు, దాని చుట్టును గలదు. ఒకే దిబ్బమీద నెన్ని దొరకినవి, ఏ పేరువానితో గలిసి దొరకినవి, ఏ వానకాలమున నే వైపు గట్టు కోసికొనిపోయినప్పుడు బయటబడినవి యను వివరములే యిచ్చట ప్రమాణములు. అవి త్రవ్వకపు పొరలలో దొరకినవానికి పురావస్తుశాఖవారి లెక్కలలో నుండును. పైపైని దొరకినవానికి ఏరినవాని జ్ఞాపకముననే యుండును. ఆ జ్ఞాపకమును వ్రాసికొనక నాణెమును మాత్రము గాజుపెట్టెలో బెట్టిన ప్రదర్శనము వాదములోని సాక్షిని నోరు గట్టి నిలువబెట్టినట్లుండును.

కావ్యపరిష్కర్తల కీ విషయము క్రొత్త గాదు. తాళపత్రప్రతి నొకదానిని బట్టి గ్రంథమును ముద్రించునప్పుడు, అది యే యూరిది, ఎవరి యింటిది, వ్రాసినవా డెవడు, గ్రంథాంతమున లేఖకుడు చెప్పికొన్న సంవత్సరమాసతిథు లెవ్వి యని పీఠికలో నుదాహరింపని పరిష్కర్తను పండితులు క్షమింపరు. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తును, 1922లో రాజమహేంద్రవరమున నేర్పడిన ఆంధ్రేతిహాసపరిశోధకమండలియు, అదే యేట హైదరాబాదున బుట్టి కొమర్రాజు లక్ష్మణరావుగారి మరణానంతరము వారి పేరు దాల్చిన పరిశోధకమండలియు నీ క్రమమునే పాటించినవి. వానిలో బనిచేసినవారు చాలవరకు జీతములేని సేవకులే. ఆదిరాజు వీరభద్రరావుగారివంటివారు సంపాదించిన శాసనములు 1935లో "తెలంగాణా శాసనములు"గా వెలువడినవి. అందలి శాసనమునకు గ్రామనామము లేకున్న దానిని జదువువా డెవడు? తాళపత్రమునకును శిలాశాసనమునకును జెల్లించిన యీ మర్యాద ప్రదర్శనశాలలోని చిన్నవస్తువునకు జెల్లింపకుండుటకు హేతువు కానరాదు.

రామగుండము, గోదావరిఖని ప్రాంతముల సంగతి మరియు జిక్కుగలది. సింగరేణివారి గను లచ్చటికి వచ్చినది 1960 ప్రాంతమున. నేటి జనులలో బెక్కుమంది నానాదిక్కులనుండి పనికై వచ్చినవారి సంతతివారు. అట్టిచోట నొక ప్రదర్శనమును దీర్పవలెనన్న మూడుకాలముల వస్తువు లొకే గదిలో జేరును. బొగ్గుపొరల నడుమ రాతిపై నచ్చుపడిన గ్లాసోప్టెరిస్ ఆకు, ఇరువదియైదుకోట్ల సంవత్సరములకు బూర్వపుది. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాలల నాటి యిటుకయు నాణెమును, రెండువేలయేండ్లవి. గనికార్మికుని తట్టయు చెమ్మసును, మన తండ్రులనాటివి. మొదటిదానిని భూగర్భశాస్త్రజ్ఞుడును రెండవదానిని శాసనవేత్తయు జెప్పగలరు. మూడవదానిని జెప్పగలవాడు బాయిలో దిగినవాడే. స్వచ్ఛందసేవకుల యావశ్యకత యిచ్చటనే తెలియును. బల్లలు మోయుటయు తోరణములు గట్టుటయు వారి పని యని తలచువారు వారి విలువలో సగమెరుగరు.

వారివలన గలుగు హానియు లేకపోలేదు. ఇత్తడిచెంబును దోమినట్లు నాణెమును చింతపండుతో దోమి తళతళలాడించుట యందొకటి. తాళపత్రమునకు బసరును మసియు బూసినచో గంటపు గీతలు కంటికి దెలియును. లోహమునకు పులుపు దగిలినచో పైపొరతో గూడ నక్షరమును బోవును. రెండింటికి నొకే చికిత్స పనికిరాదు. రెండవది యింతకంటె సూక్ష్మమైనది. చదువుకొన్న యువకుడు పత్రము వ్రాయుచు "చెమ్మసు" అను మాట నాగరకము గాదని తలచి "పార" యని దిద్దును. "బాయి"ని "గని" యని మార్చును. వస్తువు నిచ్చిన వృద్ధు డా పత్రమును జూచి, యిది తన వస్తువు కాదేమో యనుకొనును. పాఠమును దిద్దుటకు బరిష్కర్తకు గల యధికార మెంతో, యిచ్చటను అంతే: మూలమున నున్న మాటను మూలమున నుంచి, వివరణము క్రింద వ్రాయవలెను. చెమ్మసు చెమ్మసే. అది తట్టలోనికి బొగ్గు నెత్తుట కుపయోగించు పెద్దపార యని ప్రక్కనే చెప్పిన జాలును.

ప్రారంభోత్సవముల తీరు వేరుగ జెప్ప నక్కరలేదు. పట్టునాడాను గత్తిరించువా రొకరు, దండలు వేయించుకొనువారు పదుగురు. ఉపన్యాసములు ముగియునప్పటికి పొద్దు గుంకును. వస్తువుల నిచ్చినవారు వెనుకవరుసలో నుందురు. దీనికి బదులు ప్రారంభమునకు ముందటిదినమున వారినే పిలిచి, ప్రతిపత్రమును వారికి జదివి వినిపించుట మేలు. తప్పులున్న నప్పుడే బయటబడును. నిరక్షరాస్యుడైన దాత సయితము ఊరి పేరు, పొలము గుర్తు, తనకు దొరకిన యేడు తప్పక చెప్పగలడు. పండితాభిప్రాయము భిన్నమైనచో పత్రమున రెండు పక్షములును వ్రాయవలెను. ఛిముకుని నాణెముప్రక్క, ఇది శాతవాహనుల తొలినెలవునకు సాక్ష్యమని కొందరు, కాదని కొందరు నన్నారని చెప్పుటవలన జూపరికి గౌరవమే కాని లోటు లేదు. బడిపిల్లవాడు వాదములో రెండువైపుల నెరుగుట కది మంచి పాఠము.

ఈ పనికి గడువు కూడ గలదు. రామగుండమునకు నెగువను గోదావరిపై ఎల్లంపల్లి యొద్ద గట్టబడిన శ్రీపాదసాగరము సుమారు 20 టి.ఎం.సి.ల నీటిని నిలుపును. దాని వెనుకనీరు కోటిలింగాల పరిసరములవరకు వచ్చినది. ఏటిగట్టున నాణెము లేరిన తావులను వ్రేలితో జూపుట యిక సులభము గాదు. ఏ నాణె మే తావున దొరకినదో చెప్పగల వృద్ధు లింకను నున్నయూళ్లలో, వారిచేత జెప్పించుకొనుటకు వలసినది ఒక లెక్కపుస్తకమును, దానిని బట్టుకొని యింటింటికి దిరుగు నిద్దరు యువకులును.