మంగలికత్తి

గండికొండలను చీల్చుకొనివచ్చి కమలాపురము చేరువ పెన్నలో గలియు పాపఘ్ని తీరమున, మా వేంపల్లెలో, అడపము విప్పి సానరాతిపై నీళ్లు చిలుకరించి కత్తి నూరు నాయీబ్రాహ్మణ వృద్ధుని హస్తకౌశలమును బాల్యమున నేను రెప్పవేయక చూచితిని. పెండ్లిండ్లలో సన్నాయి పలికించినవియు ఆ చేతులే. సానపై అంచు ముందుగను, తోలుపట్టాపై వెన్ను ముందుగను నడువవలెను. ఈ భేదము నెఱిగినవానికే కత్తి వశమగును. 1904లో జిల్లెట్టు పేటెంటు పొందిన రేజరు లోకమంతట వ్యాపించినను, ఈ విద్య గౌరవము నా దృష్టిలో తగ్గలేదు.

మంగలికత్తితో తమ గడ్డము తామే గీసికొనుటను స్వల్పవ్యయముతో నారంభింపగోరువారికి సగముగ విఱిచిన బ్లేడును బిగించు మడతకత్తి చాలును; దానికి సానయు తోలును అక్కఱలేదు. గోరువెచ్చని నీట గడ్డమును నానబెట్టి, సబ్బునురుగు దట్టముగ నలది, ఎడమచేత చర్మమును బిగలాగి, కత్తిని రమారమి 30 డిగ్రీల వాలున నిలిపి, వెండ్రుకలు మొలచిన దిక్కుననే, బరువు మోపక గీయవలెను. తొలిదినములలో చెంపలు మాత్రమే. చుబుకమును పైపెదవియు చేయి కుదిరిన పిమ్మట. చిన్నగాటునకు తడిపటిక అద్దిన రక్తము నిలుచును.

తొందరగానున్న ఉదయమున మాత్రము ఈ కత్తిని ముట్టకుడు.