ఏ పేరు పక్కన ఏ విశేషణం

పులివెందుల చీనీ తోటలో రైతు కాయను చూసి ఇది లేత, ఇది దోర, ఇది పండు అని చప్పున చెప్పేస్తాడు. మూడూ ఒకే చెట్టు కాయలు. అయినా ఒకదాని గంపలో మరొకటి వేయడు. ఇంగ్లీషులో అక్కచెల్లెళ్లలా ఉండే విశేషణాలను విడదీయడానికీ అలాంటి చూపే కావాలి.

ఆ చూపుతో భాషకు పనిచేసినవాడు మా జిల్లాకు బాగా తెలిసిన సి.పి. బ్రౌన్. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, పండితులకు తన డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు సేకరించి పాఠాలు సరిచూపించాడు. 1852లో మద్రాసులో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే పనితనం తెలుస్తుంది. మాటకు అర్థం చెప్పి ఊరుకోడు. కావ్యంలో అది ఎలా వచ్చిందో, జనం నోట ఎలా పలుకుతుందో పక్కన చూపిస్తాడు. అర్థం మాటను ఇంటి వీధి దాకా తీసుకువెళ్తుంది, ప్రయోగమే దాని గడప చూపిస్తుంది.

విశేషణాల దగ్గర ఈ పద్ధతి విలువ మరీ ఎక్కువ. ఇంగ్లీషు 'ఓల్డ్' ఒక్కటే. తెలుగులో మనిషైతే ముసలి, చొక్కా అయితే పాత, వంకాయ అయితే ముదురు. పక్కనున్న నామమే విశేషణాన్ని ఎంచుకుంటుంది.

ఇదే సూత్రాన్ని ఇంగ్లీషు జంటల మీద పెట్టి చూద్దాం. చరిత్రలో నిలిచిపోయేది 'హిస్టారిక్', చరిత్రకు సంబంధించినది 'హిస్టారికల్'. గండికోట హిస్టారిక్ కోట. ఆ కోట మీద రాసిన నవల హిస్టారికల్ నవల. రైతు ఆర్థిక స్థితి 'ఎకనామిక్', నీళ్లూ డబ్బూ ఆదా చేసే డ్రిప్పు 'ఎకనామికల్'. మోటారు ఆగకుండా ఆరు గంటలు నడిస్తే 'కంటిన్యువస్', కరెంటు మాటిమాటికీ పోతూ వస్తూ ఉంటే 'కంటిన్యువల్'. మనిషి, చెట్టు, స్తంభం 'టాల్'. కొండా, ధరా, జ్వరమూ 'హై'.

ఈ తేడాలను ఏ వ్యాకరణవేత్తా ఒక రోజు కూర్చుని శాసించలేదు. హిస్టారిక్, హిస్టారికల్ ఒకప్పుడు ఒకదాని బదులు ఒకటి తిరిగినవే. గ్రీకు, లాటిన్ల నుంచి వచ్చిన '-ఇక్' ప్రత్యయం ఒకచోట ఒంటరిగా, మరోచోట '-అల్' తోడుగా ఇంగ్లీషులో స్థిరపడింది. ఒకే పనికి ఇద్దరెందుకని జనం వాడుక నెమ్మదిగా పని పంచింది. అన్నదమ్ములు పొలం పంచుకుని గట్టు వేసుకున్నట్టు, ఒక్కో మాట తన చెక్కలో నిలబడింది. తరాల తరబడి లక్షల నోళ్లు కలిసి చేసిన ఇంత సన్నని పనిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

అందుకే జంట మాటలను వాటి అర్థాలతో బట్టీ పట్టించడం చాలదు. పిల్లవాడి చేత ఒక్కో విశేషణం పక్కన మూడేసి నామాలు రాయించాలి. వాటిని తన ఊరి నుంచే తెచ్చుకోమనాలి. బ్రౌన్ నిఘంటువు చేతికొస్తే మీరూ మొదటి అర్థం దగ్గర ఆగకండి, కింది ప్రయోగం దాకా చదవండి. మాట నివాసం అక్కడుంది.